పక్కన ఎవరూ లేరు

ప్రతి ఫారం చివరా ఒక చిన్న ప్రశ్న ఉండేది. జవాబులు చెప్పేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, లేరు అని రెండు గడులు. రెండు వందల ఫారాల్లోనూ నేను ‘లేరు’ గడిలోనే టిక్కు పెట్టాను. ఐరాల వైపు పల్లెలో ఒక ఇంటికి కొత్త మనిషి వచ్చి కాగితాలు బయటికి తీస్తే పక్కన ఎవరూ లేకుండా ఉంటారా? అత్త ఉంటుంది, తోడికోడలు ఉంటుంది, పక్కింటావిడ బియ్యం చేట పట్టుకుని మరీ వచ్చి కూర్చుంటుంది. అది నాకు తెలుసు. తెలిసే టిక్కు పెట్టాను. ‘ఉన్నారు’ అని పెడితే ఆ ఫారం లెక్కలోకి రాదు, దాని బదులు ఇంకో ఇల్లు వెతుక్కోవాలి.

అప్పటికి నేను తిరుపతిలో సైకాలజీ రీసెర్చ్ స్కాలర్‌ని. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించేది లేదని కాగితం మీద రాసిచ్చేశారు. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. నాకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ నెలలో అయితే కుక్కర్ విజిల్ వేసినా నా మీదే అరిచినట్టుండేది. అమ్మ నాతో మాట్లాడాల్సి వస్తే ముందు తలుపు దగ్గర నిలబడి నా ముఖం చూసి, తర్వాత లోపలికి వచ్చేది.

నాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టుండేవాడు. ఆయన దేవస్థానంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో నా విషయాలన్నీ ఆయన నోటితోనే జరిగేవి. చిన్నప్పుడు పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, “ఏ పన్ను పాపా?” అని డాక్టరు నన్ను అడిగేవాడు, “ఎడమ పక్కది సార్” అని నాయన చెప్పేవాడు. నొప్పి కుడిపక్కన. నేను నోరు తెరిచాకే డాక్టరుకు సంగతి తెలిసేది. కాలేజీలో ఏ గ్రూపు కావాలంటే నాయన చెప్పాడు. పెళ్ళి ఇప్పుడే వద్దన్న మాట కూడా నా తరఫున ఆయనే చెప్పాడు, అది మాత్రం సరిగ్గా చెప్పాడు. అందుకని నేను ఆయన్ని తప్పుపట్టలేదు. ఆయన ప్రేమ ఆ దారినే వచ్చేది.

నా పని సంగతి చెప్పాలి. మనుషుల స్వభావాలను ఒక వృత్తం మీద పెట్టవచ్చని ఒక సిద్ధాంతం ఉంది. వృత్తంలో పైన ఉండేది తమ మాట చెల్లించుకునేవాళ్ళు, అడుగున ఉండేది తల వంచేవాళ్ళు. కుడివైపు ఆప్యాయంగా కలిసిపోయేవాళ్ళు, ఎడమవైపు ఎవరినీ దగ్గరికి రానివ్వనివాళ్ళు. ముప్పై రెండు ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడి లెక్క కడితే మనిషి ఆ వృత్తంలో ఒక చుక్క అవుతాడు. మామూలు మనుషుల చుక్కలు నడిమధ్యకు కాస్త దగ్గరలో పడతాయి. స్వభావం ముదిరి జబ్బు దాకా పోయినవాళ్ళ చుక్కలు అదే దిక్కులో ఇంకా దూరం, అంచు దాకా పోతాయి. మా గైడ్ సారు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు: “ఉప్పు అదేనమ్మా. ఎక్కువైతే కూర పాడవుతుంది, అంతే.”

ఈ మాట మన మనుషుల విషయంలో నిజమా కాదా అని పరీక్షించడమే నా థీసిస్. సగం ఫారాలు పల్లెల్లో మామూలు మనుషుల దగ్గర నింపాను. మిగతా సగం తిరుపతిలో ఒక ఆస్పత్రిలో, మానసిక విభాగానికి చూపించుకోవడానికి వచ్చినవాళ్ళ దగ్గర. వాళ్ళ పేర్లు రాసుకోకూడదు, నంబర్లే. ఇక్కడ నేను చెప్పబోయే నంబర్లు కూడా మార్చే రాస్తున్నాను.

చుక్కలన్నీ వేసి చూపించినరోజు సారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పల్లె కోడళ్ళ చుక్కలు గుంపుగా వృత్తం అడుగున, అంచుకు ఆనుకుని పడ్డాయి. ఆస్పత్రి చుక్కల కంటే దూరంగా ఉన్నాయవి.

“చూసినావా అమ్మా? తల వంచడం అనేది ఈ పక్క పల్లెల్లో జబ్బు దాకా పోయింది. ఇదొక అధ్యాయం అవుతుంది” అన్నారు.

ఆ చుక్కలు కోడళ్ళు పెట్టినవి కావు, వాళ్ళ అత్తలు పెట్టినవి. నేను ప్రశ్న చదవగానే అత్త అందుకునేది. “దానికేం, మా కోడలు ఎవరి మాటా జవదాటదు.” కోడలు నేల చూసేది. నేను ‘పూర్తిగా నిజం’ చుట్టూ సున్నా చుట్టేదాన్ని. పరాయి మనిషి ముందు ఇంటి పరువు నిలబెట్టడానికి పెద్దవాళ్ళు చెప్పే మాటలవి, ఏ ఇంట్లో అయినా అలాగే చెప్తారు. ఆ సంగతి సారుకు ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

సారు ఒక పదిమందిని మళ్ళీ అడిగి రమ్మన్నారు. రెండోసారీ అవే జవాబులు వస్తే కొలత నికరమైనదని లెక్క. “అదే ఇల్లు, అదే చోటు. ఏమీ మార్చొద్దు” అని మరీ మరీ చెప్పారు.

మర్నాడు కాణిపాకం బస్సెక్కి, అక్కడినుంచి షేర్ ఆటోలో ఐరాల వైపు పల్లెకు వెళ్ళాను. మొదటిది అరవై మూడో నంబరు ఫారం నింపిన ఇల్లు. సాయంత్రం పాలు పితికే వేళ. అత్తగారు వసారాలో కాళ్ళు చాపుకుని చింతపండు గింజలు తీస్తూ ఉంది. ఆవిడకు మోకాళ్ళ వాపు. కోడలికి పాతికేళ్ళు ఉంటాయేమో, గడప లోపల నిలబడి ఒక స్టీలు గ్లాసును కొంగుతో తుడుస్తోంది. పోయినసారి కూడా ఆ అమ్మాయి అలాగే తుడిచిన గ్లాసునే తుడుస్తూ నిలబడింది. ‘బెదురు. కళ్ళెత్తి చూడదు’ అని ఫారం అంచున రాసుకున్నాను. బాగా గమనించానని అప్పుడు నాకు లోపల కాస్త గర్వం కూడా.

“ఏం పాపా, మళ్ళా వచ్చినావు? ఆ పొద్దే అన్నీ సెప్పినాము గదా” అంది అత్తగారు.

“ఇంకొకసారి అడిగి రమ్మన్నారు పెద్దమ్మా. అవే ప్రశ్నలు.”

“అవే అయితే అవే రాసుకో. ఒక తూరి సెప్పింది ఇంకో తూరికి మారతాదా? నువ్వు ఈడ కూర్సో. దానికి పాలు పోసే టైమైంది. నేను సెప్తా.”

నేను కూర్చున్నాను. పెన్ను కూడా తీశాను. అవే సున్నాలు చుట్టుకుంటే అరగంటలో పని అయిపోతుంది, ఇంకో తొమ్మిది ఇళ్ళు, అధ్యాయం, సంతకం. సారు చెప్పినట్టే చేసినదాన్నవుతాను. కోడలు పాల క్యాను తీసుకుని మెట్లు దిగుతోంది. ఎందుకో ఒళ్ళు మండింది, అత్తగారి మీద కాదు, నా మీద నాకే. లేచాను.

“నేనూ ఆ దోవనే పోవాల పెద్దమ్మా, ఆటో కోసం. నడస్తా నడస్తా అడుగుతాలే.”

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చింతగింజ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని నన్ను చూసింది.

“నడస్తా ఏం రాసేది? నేనుంటే ఏమంట?”

“ఏమీ లేదు పెద్దమ్మా. మీకెందుకు శ్రమ అని.”

ఆవిడ లేవబోయింది. మోకాలు సహకరించలేదు, మళ్ళీ కూర్చుంది. కోడలి వైపు చూసి, “బిరీన వచ్చెయ్. యాడా నిలబడొద్దు” అంది. ఆ మాట కోడలికి చెప్పినా, చూపు నా మీదే ఉంది. నాకు వీపు మీద ఆ చూపు మలుపు తిరిగేదాకా తగులుతూనే ఉంది.

ఒక పక్క చెరుకు తోట, ఒక పక్క మామిడి తోట కంచె. ఆ అమ్మాయి క్యాను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ వేగంగా నడుస్తోంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను ఫారం తీసి మొదటి ప్రశ్న చదివాను. మళ్ళీ చదివాను.

“మేడమ్, ఈ ప్రశ్నలు మీ నోట్లో నేను మూడో తూరి వింటాండా” అంది.

“రెండోసారి కదమ్మా.”

“మూడు. మొదట ఆస్పత్రిలో.”

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ అమ్మాయి ఆగలేదు. నేను పరుగులాంటి నడకతో అందుకోవలసి వచ్చింది.

“మీకు మొగానికి మాస్కు ఉన్నింది. గొంతు గుర్తు నాకు. వరండాలో నీలం కుర్సీలో కూర్సోనుంటిరి. మా ఇంటాయన సెప్పినాడు, మీరు రాసుకున్నారు. నా తట్టు సూళ్ళేదు.”

“ఆయన ఏం చెప్పాడు?” అని అడిగాను. అడిగాక సిగ్గేసింది, రాసుకున్నది నేనే కదా.

“తిడతాది, ఎదురు తిరగతాది, ఎవురి మాటా వినదు అని. బిడ్డ పుట్టినాంక నాలుగు నెలలు నాకు నిద్దర లేదు మేడమ్. ఒగనాడు గిన్నె ఇసిరినా. ఆ ఒగనాడే. మీరు అడిగినారు, కోపం వస్తే వస్తువులు ఇసురుతారా అని. ఇసురుతాది అన్నాడు.” కాసేపు నడిచాక అంది. “ఇప్పుడు బాగుండాను. మాత్రలు కూడా ఆపేసినారు డాక్టరమ్మ.”

నేను ఫారం మడిచి పట్టుకుని పక్కనే నడిచాను.

“ఆ పొద్దు మీరు మా గడప ముందర నిలబడి పేపర్లు తీసేసరికి నా పానం పోయినట్లయింది. ఈమె నన్ను గుర్తుపడతాది, ఆస్పత్రి మాట ఎత్తుతాది అనుకున్నా. మా మరిదికి సంబంధం సూస్తాండారు. ఊర్లో ఎవురికీ తెలీదు. అందుకే మా అత్త అట్ల సెప్పింది, మా కోడలు బంగారం అని. ఆయమ్మ నన్ను కాపాడాలనే సెప్పింది.”

అంటే ఆ గ్లాసు తుడవడం అత్తకు భయపడి కాదు. నాకు భయపడి. నేను ఎవరి బెదురునైతే ఫారం అంచున రాసుకుని మురిసిపోయానో, ఆ బెదురుకు కారణం నేను. ఇంత చదివి, ముందు కూర్చున్న మనిషి ముఖం రెండుసార్లూ చూడలేదు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకున్నాను. ఆ దారిలో నేను ఏడిస్తే ఎవరైనా చూసి ఆ అమ్మాయినే అడుగుతారు.

“నేను ఎవరికీ చెప్పనమ్మా” అన్నాను.

“మీరు సెప్పరు. కాగితం సెప్పదా?”

“కాగితం మీద పేరు లేదు. నంబరే.”

ఆ మాటకు ఊరడిల్లిందో లేదో తెలియదు. ఇంకో పది అడుగులు వేశాక, “సరే, అడగండి. ఈ తూరి నేను సెప్తా” అంది.

మళ్ళీ మొదటి ప్రశ్న చదివాను. నా మాటే నెగ్గాలని పట్టుపడతాను.

“ఎవురి దగ్గర?” అంది వెంటనే.

“ఊరికే. మామూలుగా.”

“మామూలుగా అంటే? మా అమ్మ దగ్గర పట్టు పడతా. అత్త దగ్గర పడను. పాల సెంటర్లో ఫ్యాటు తక్కువ రాసి దుడ్డు తగ్గిస్తే బాగా పడతా. ఏం రాసుకుంటారు?”

ఆరేళ్ళలో నన్ను ఏ సెమినార్లోనూ ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. ‘కొంతవరకు’ అనే గడిలో సున్నా చుట్టాను. ప్రతి ప్రశ్నకూ ఆ అమ్మాయి అంతే సేపు తీసుకుంది. ఒకదానికి నవ్వింది. ఒకదానికి జవాబు చెప్పి, వద్దు కొట్టేయండి అని ఇంకోటి చెప్పింది. నడుస్తూ రాయడంతో రాత వంకర్లు పోతోంది. ఎనిమిదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మలుపులో పాలకేంద్రం కనబడింది. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఎనిమిదో ప్రశ్న: నా గురించి నలుగురూ ఏమనుకుంటారో అని భయపడతాను.

ఆ అమ్మాయి వరస వైపు చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుంది.

“సాలు మేడమ్. ఈడ అందరూ ఉండారు” అని గొంతు తగ్గించి చెప్పి, వెళ్ళి వరసలో నిలబడింది.

నేను ఆటో కోసం రోడ్డుకు అవతల నిలుచున్నాను. తన వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి పాలు కొలిచేవాడితో గట్టిగా వాదించింది. నిన్నటి కంటే ఫ్యాటు ఎట్ల తగ్గుతాదో సూపించు అంటోంది. వరసలో వాళ్ళు నవ్వుతున్నారు. వాడు మళ్ళీ కొలిచాడు. ఆ అమ్మాయి నా వైపు మాత్రం ఒక్కసారి కూడా తిరగలేదు. మిగతా తొమ్మిది ఇళ్ళకు నేను వెళ్ళలేదు.

ఇంటికి రాగానే ఆస్పత్రి ఫారాల కట్ట విప్పాను. వయసు, మండలం, వచ్చిన నెల చూసుకుంటూ పోతే దొరికింది. ఆస్పత్రి వరసలో నలభై ఒకటి. కింద గడిలో నా టిక్కు: పక్కన ఎవరూ లేరు. రెండు చుక్కలూ వృత్తం మీద వెతికాను. మొగుడు చెప్పిన చుక్క పైన ఎడమవైపు అంచున ఉంది. అత్త చెప్పిన చుక్క అడుగున కుడివైపు అంచున ఉంది. స్కేలు పెట్టి కలిపితే గీత ఇంచుమించు నడిమధ్యలోంచి పోయింది. సిద్ధాంతం ప్రకారం ఆ రెండు చుక్కలూ పూర్తిగా ఎదురెదురు స్వభావాల మనుషులవి. ఉన్నది ఒక్క అమ్మాయే. ఇక ఆ అమ్మాయి తన నోటితో చెప్పిన ఫారంలో ఏడు జవాబులే ఉన్నాయి. ఏడింటితో చుక్క పెట్టలేము. అసంపూర్తి ఫారాలు తీసివేయాలని మా నిబంధనలో మొదటి వాక్యమే.

తర్వాతి నాలుగు రోజులు ఆ కట్టలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో ఫారం తీసి ఆ రోజు పక్కన ఎవరున్నారో గుర్తు తెచ్చుకున్నాను. మజ్జిగ ఇచ్చిన ఆడబిడ్డ. కుర్చీ వేసిన మామ. ఆస్పత్రిలో అయితే అందరికీ తోడు వచ్చినవాళ్ళే, మొగుడో, అన్నో, తల్లో. రోగిని అడిగితే తోడు వచ్చినవాళ్ళు చెప్తారు. మనవైపు డాక్టరు దగ్గర ఎప్పుడూ అంతేగా. పక్కన ఎవరూ లేని ఫారం ఒక్కటైనా ఉంటుందని వెతికాను. దొరకలేదు.

సారును కలవాల్సిన ఉదయం నాయన నాకంటే ముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు.

“నేనూ వస్తా. సారుకు ప్రసాదం ఇచ్చినట్లుంటాది” అన్నాడు. సారు బంధువులకు దర్శనం విషయంలో నాయన చాలాసార్లు సాయం చేశాడు. ఆ చనువు పనికొస్తుందని ఆయన ఉద్దేశం. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్పే ధైర్యం లేక స్కూటర్ వెనక కూర్చున్నాను. సంచిలో నా ఫారాల కట్టలు, ఆయన చేతి సంచిలో లడ్డూల కవరు.

సారు నాయనను ఆదరంగా కూర్చోబెట్టారు. లడ్డూ కళ్ళకద్దుకుని పక్కన పెట్టారు. తర్వాత ధ్రువపత్రం నా ముందుకు జరిపారు. ప్రతి ప్రశ్నకూ ఆ వ్యక్తే, ఎవరి సమక్షమూ లేకుండా, సొంతంగా జవాబిచ్చారని నేను హామీ ఇస్తున్నట్టు అందులో ఉంది. కింద నా సంతకం, దాని పక్కన ఆయన సంతకం.

“అడగడం నా ధర్మం కాబట్టి అడుగుతున్నా. అందరినీ ఒంటరిగానే కూర్చోబెట్టి అడిగినావు కదమ్మా?” అన్నారు పెన్ను మూత తీసి నాకు ఇస్తూ.

నేను నోరు తెరిచేలోగా నాయన అందుకున్నాడు.

“మా పాప అట్లాంటి విషయాల్లో చాలా గట్టి సార్. ఒంటరిగానే అడిగింటాది. మీరేం చెప్తే అదే. ఎవరి మాటా జవదాటదు.”

సారు నవ్వారు. పెన్ను నా చేతిలోకి వచ్చింది. ఫ్యాను గాలికి కాగితం ఎగరబోతే నాయనే వేలు పెట్టి ఆపాడు, నేను సంతకం పెట్టడానికి వీలుగా. నేల చూస్తున్నానని నాకే తెలిసింది.

“నాయనా, సారు అడిగింది నన్ను” అన్నాను.

నాయన వేలు కాగితం మీదినుంచి తీశాడు. నా జీవితంలో ఆయన మాటకు అడ్డం రావడం అదే మొదటిసారి. అదీ పరాయి మనిషి ముందు.

“లేదు సార్. ఒక్కరిని కూడా ఒంటరిగా అడగలేదు. ఆ జవాబులు చాలావరకు వాళ్ళవి కావు. గడిలో టిక్కులన్నీ నేను కావాలనే తప్పు పెట్టాను.”

సారు నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టారు. మెల్లగా, థీసిస్‌లో లోపాలు చెప్పే భాగంలో ఒక వాక్యం రాస్తే సరిపోతుందేమో ఆలోచించమన్నారు. జవాబులు వాళ్ళవి కావని ఎలా తెలిసిందని అడిగారు. అది మాత్రం చెప్పనన్నాను. నెలాఖరుకు ఇవ్వలేనని కూడా చెప్పాను. “అయితే రిజిస్ట్రేషన్ పోయినట్టే” అన్నారు. అవునన్నాను. నా గొంతు నాకు గట్టిగానే వినబడింది.

బయట వేపచెట్టు కింద స్కూటర్ ఉంది. నాయన తాళం పెట్టాడు, తిప్పలేదు. హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు, పెట్టుకోలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

“ఇప్పుడేం చేస్తావు?” అన్నాడు.

ఇంకెప్పుడైనా అయితే ఆ ప్రశ్న అడిగిన గుక్కలోనే జవాబు కూడా ఆయనే చెప్పేవాడు. ఆ రోజు హెల్మెట్ పట్టుకుని నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నాకు జవాబు రాలేదు. ఆయన అందుకోలేదు.